నేలకీ నడుముకీ మధ్య

సెప్టెంబరు 4

టెంట్‌లో పరుచుకునే మ్యాట్లలో మొదటిది వచ్చింది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ షాపు షట్టర్ సగం దించి, నేల మీద పరుచుకుని పడుకున్నాను. కోడిగుడ్ల అట్టలా గుంతలు గుంతలుగా ఉన్న స్పాంజి, మడతలు పెట్టే రకం. గాలి కొట్టక్కర్లేదు, పంక్చర్ కాదు, ముల్లు గుచ్చుకున్నా దానికేమీ కాదు. వెల్లకిలా పడుకుంటే పర్వాలేదు. పక్కకి తిరిగితే మాత్రం తుంటి నేలకి తగిలింది. నా తుంటే ఇంత గోల పెడితే, లోపల రాడ్డు వేసిన తుంటి ఏమంటుంది?

బావకి పనికిరాదు.

ఈసారి తొందరపడదలుచుకోలేదు. ప్రతి ఏడూ నవంబరులో నేనూ బావా రెండు బైకుల మీద బయలుదేరి, ఎక్కడో చెట్ల మధ్య టెంట్ వేసుకుని మూడు రోజులుండి వస్తాం. పద్నాలుగేళ్ళుగా తప్పలేదు. పోయినసారి తిరిగొస్తూ మలుపులో బావ పడిపోయాడు. తుంటి విరిగింది. ఇప్పుడు నడుస్తున్నాడు, చేతికర్ర కూడా వదిలేశాడు. మంచి మ్యాట్ ఒకటి దొరికితే ఈ నవంబరు కూడా వెళ్ళొచ్చు. తక్కువైంది మ్యాటే, ఇంకేం లేదు.

సెప్టెంబరు 7

మా ఆవిడ నా ఫోన్‌లోకి తొంగి చూసింది. మ్యాట్ల గురించి జనం రాసిన అభిప్రాయాలు చదువుతున్నాను, నూట నలభయ్యోదో ఎన్నోదో.

"ఇంట్లో పరుపు కొన్నప్పుడు ఇంత చూడలేదు మీరు. నన్ను చేసుకునేటప్పుడైతే పావుగంటలో తేల్చేశారు."

"అప్పుడు నచ్చకపోతే వెనక్కిచ్చెయ్యొచ్చు అనుకున్నాను."

నవ్వింది. నవ్వి, వెళ్ళబోతూ ఆగింది. "ఇంతకీ అన్నయ్యగారు వస్తానన్నారా?"

"వస్తాడు."

"అడిగారా?"

"మ్యాట్ దొరకనీ."

సెప్టెంబరు 11

రెండోది వచ్చింది. ఇది పూర్తిగా గాలిది. చుడితే నీళ్ళ సీసా అంత, ఊదితే నాలుగు అంగుళాల ఎత్తు. బైకు పక్క పెట్టెలో ఓ మూల పడుంటుంది. పక్కకి తిరిగి పడుకుని తుంటి కింద అరచెయ్యి దూర్చి చూశాను. చెయ్యి సుఖంగా పట్టింది, ఇంకా రెండు వేళ్ళ సందు మిగిలింది. కానీ కాస్త కదిలితే చాలు, పక్కన ఎవరో చిప్స్ ప్యాకెట్లు నలుపుతున్నట్టు చప్పుడు. లేవబోతే పడవలోంచి లేచినట్టుంది. అన్ని ఎముకలూ సరిగ్గా ఉన్న నేనే రెండుసార్లు పక్కకి దొర్లాను.

బావ చూసుంటే పడీ పడీ నవ్వేవాడు. బావ సోఫాలు కుడతాడు. నాది టైర్ల షాపు. "నేను జనానికి కూర్చునే చోటు అమ్ముతాను. నువ్వు గాలి అమ్ముతావు. మళ్ళీ ఇద్దరం వ్యాపారస్తులమేనట," అంటాడు. బావ ఇంట్లో నా అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో, గాలిగాడంటే నేనే. నేనూ ఊరుకోను, స్పాంజి బావా అంటాను. క్యాంపింగుకి తన చేత్తో కోసుకున్న లావుపాటి స్పాంజి చుట్టని వెనక సీటు మీద కట్టుకొచ్చేవాడు. ఎవరింట్లోంచో మంచం ఎత్తుకుపోతున్నట్టు ఉండేది వాలకం. పోయినేడు నేనే వద్దన్నాను. "ఆ చుట్ట ఇంట్లో పడెయ్ బావా, నా గాలి మ్యాట్ ఒకటిస్తాను, దాని మీద పడుకుని అప్పుడు మాట్లాడు," అని పట్టుబట్టి ఒప్పించాను.

సెప్టెంబరు 12

పొద్దున చూస్తే గాలి రవ్వంత కూడా తగ్గలేదు. అయినా వద్దు. గాలి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఇరవై రెండేళ్ళుగా గాలి కొట్టి బతుకుతున్నవాడు రాయాల్సిన మాట కాదనుకో.

సెప్టెంబరు 18

బావ వర్క్‌షాపుకి వెళ్ళాను. వాళ్ళ ఇంటి కిందే, వీధిలోకి తెరుచుకునే గది. నవంబరు సంగతి అడుగుదామనే వెళ్ళాను. సోఫా దిండు కవరొకటి ఒళ్ళో పెట్టుకుని, కత్తెర మొనతో కుట్టు విప్పుతున్నాడు. చూస్తే శుభ్రమైన కుట్టు.

"ఏమైంది బావా? బానే ఉందిగా."

"జిప్పు వేశానో లేదో గుర్తులేదురా."

"బయటికి కనిపిస్తూనే ఉందిగా జిప్పు."

దిండు తిప్పి చూశాడు. జిప్పు అక్కడే ఉంది. దాన్ని ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు, మళ్ళీ వెనక్కి లాగాడు. "వయసురా," అన్నాడు. యాభై రెండేళ్ళకి వయసేమిటి అందామనుకున్నాను. ఇద్దరం టీ తాగడానికి బయటికి వెళ్తూ మిషను స్విచ్చి ఆపాడు. గుమ్మం దాటి మళ్ళీ లోపలికెళ్ళి స్విచ్చి చూశాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక, "నువ్వు పదరా, వస్తా," అని మళ్ళీ వెళ్ళాడు.

నవంబరు సంగతి అడగలేదు. మ్యాట్ తేలాక అడిగితే బాగుంటుంది.

అసలు పోయినేడు ఏం జరిగిందో వరసగా రాసి పెట్టుకుంటే మంచిది. చివరి రాత్రి బావ మ్యాట్‌లో గాలి పోయింది. వాల్వు మూత సరిగ్గా బిగించలేదు. రాళ్ళ నేల మీద పడుకోవడంతో పొద్దుటికి నడుము పట్టేసింది. అలాగే బైకెక్కాడు. మలుపులో కాలు కింద ఆనించాల్సి వచ్చింది, కాలు రాలేదు. అంతే. ఎవరి తప్పూ లేదు.

సెప్టెంబరు 19

నిన్నటి పేజీ మళ్ళీ చదివాను. చింపేద్దామనిపించింది. చింపలేదు. మ్యాట్ల గురించి రాసుకోవడం నయం.

సెప్టెంబరు 27

మూడోది. ఇదే అనుకుంటున్నాను. పైనా కిందా గుడ్డ, లోపల స్పాంజి, ఆ స్పాంజి నిండా గాలి. మూత తెరిచి పడేస్తే తనంతట తనే ఊపిరి పీల్చుకుని లేస్తుంది, చివర్లో నాలుగు ఊదులు మనం ఊదాలి. ఒకవేళ చిల్లు పడినా మనిషి నేరుగా నేల మీద పడడు, స్పాంజి మిగిలే ఉంటుంది. నేల చలి పైకి రాకుండా ఎంత ఆపుతుందో అట్ట మీద అంకె వేశారు, మనం వెళ్ళే చలికి అది ఎక్కువే. వెడల్పు బాగుంది, చేతులు పక్కకి జారిపోవు. అంచులు గట్టిగా ఉన్నాయి కాబట్టి అంచు మీద చెయ్యి ఆనించి లేవొచ్చు. ఒక కాలు చాపి ఉంచుకుని, నడుం వంచలేని మనిషిలా లేచి చూశాను, మూడుసార్లూ లేచాను. ఒక్క ఇబ్బంది ఏమిటంటే చుడితే లావు. పక్క పెట్టెలో పట్టదు, వెనక సీటు మీద కట్టాలి. కడతాం, దానికేం.

షాపులో నీళ్ళ తొట్టి ఉంది. ట్యూబులు ముంచి చూసేది. సగం సగంగా ముంచి, ప్రతి అతుకూ వేళ్ళతో నొక్కుతూ చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఆరబెట్టి, గాలి నింపి, షాపు వెనక గదిలో పరిచి దాని మీద రెండు ఇసుక బస్తాలు వేశాను. బావ బరువు కంటే కొంచెం ఎక్కువే ఉంటాయి. ఎన్ని రోజులు నిలుస్తుందో చూడాలి.

అక్టోబరు 3

అక్క షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు. టైర్ల దొంతర మీద నా తువ్వాలు పరిస్తే కూర్చుంది.

"ఒరేయ్, మీ బావ బైకు అమ్మేస్తున్నాడు."

"ఎందుకు?"

"బైకొక్కటేనా? నెలాఖరుకి వర్క్‌షాపు కూడా ఎవరికో అప్పజెప్పేస్తాడట. నా చేతుల మీద నాకే నమ్మకం లేదంటాడు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళడం, వెనక్కి రావడం, తాళం లాగి చూడడం. రోజుకి మూడుసార్లు, నాలుగుసార్లు. కుట్టింది విప్పడం, మళ్ళీ కుట్టడం. నిన్న ఒక కుర్చీ అయిదోసారి విప్పాడు. ఇచ్చినవాళ్ళు వచ్చి పట్టుకుపోయారు."

"డాక్టరేమన్నాడు?"

"పరీక్షలన్నీ చేసి ఏమీ లేదు పొమ్మన్నాడు. ఈయన వింటేగా. మా మామగారికి మతిమరుపు ఇలాగే మొదలైందట, చిన్న చిన్నవి మర్చిపోవడంతో. చివరికి ఆయన కన్నకొడుకునే పట్టుకుని, మీరెవరండీ అన్నాడు. అది కళ్ళారా చూసినవాడు కదా ఈయన. 'ఆ మూత బిగించడం మర్చిపోయిన రోజే నాకు తెలిసిపోయింది, నాకూ మొదలైంది,' అంటాడు. ఆ మూత దగ్గరే ఆగిపోయాడురా మనిషి."

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నేను చెప్తే వినడు. నువ్వు చెప్తే వింటాడు. ఆస్పత్రిలో నువ్వన్న మాటకే కదా అప్పుడు కాస్త తేరుకున్నాడు," అంది అక్క. లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

అక్టోబరు 4

రాసేస్తాను.

బావ మూత సరిగ్గానే బిగించాడు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం ఆ మ్యాట్‌లో సన్న చిల్లు కనిపించింది. ప్యాచ్ వేశాను. సొల్యూషన్ రాశాక ఆరేదాకా ఆగాలి. వేలితో తాకితే అంటుకోకూడదు. అప్పుడు ప్యాచ్ అద్ది నొక్కాలి. తొందరపెట్టే కస్టమర్ల కోసం 'ఆరనివ్వండి' అని గోడ మీద పెద్దక్షరాలతో నేనే రాయించాను. ఆ రోజు నేను ఆరనివ్వలేదు. టెంట్ సర్దాలి, చెయిన్‌కి ఆయిల్ పెట్టాలి, షాపు కట్టెయ్యాలి. తడి మీదే అద్దేశాను. పట్టుకుంటుందిలే అనుకున్నాను. ఆ పాతది బావకిచ్చి కొత్తది నేను పెట్టుకున్నాను. ఇది కూడా రాయాలి కదా.

పడిపోయిన వారానికి ఆ మ్యాట్‌ని తొట్టిలో ముంచాను. మూత దగ్గర ఒక్క బుడగ లేదు. ప్యాచ్ అంచు వెంట వరసగా, ఆగకుండా వచ్చాయి.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్ళాను. చెప్దామనే వెళ్ళాను, ఒట్టు. కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. నేను నోరు తెరిచేలోపు బావే అన్నాడు, "మూత నేనే సరిగ్గా బిగించి ఉండనురా. నీ వస్తువుకి చెడ్డపేరు తెచ్చాను," అని.

నేనేమన్నానంటే, "పోనీలే బావా. ఎవరికైనా జరుగుతుంది."

నా తప్పుకి ఆయన్ని క్షమించి వచ్చాను. బావ నా చెయ్యి పట్టుకుని థాంక్స్ కూడా చెప్పాడు.

అక్టోబరు 6

ఇసుక బస్తాల కింద తొమ్మిదో రోజు. గాలి తగ్గలేదు.

అక్టోబరు 7

ఈ వారం బేరాలు బాగా ఉన్నాయి. ఆదివారం వెళ్తాను.

అక్టోబరు 8

మ్యాట్ చూపిస్తే చాలేమో. మంచి మ్యాట్ మీద ఒంటికి హాయిగా ఉంటే మనిషికి ధైర్యం అదే వస్తుంది. ధైర్యం వచ్చాక పాతవన్నీ తవ్వడం ఎందుకు? ఎవరికి లాభం?

అక్టోబరు 10

అన్నం తింటుంటే మా ఆవిడ మామూలుగానే అడిగింది, "పోయినసారి మ్యాట్ ఏమైంది? దాన్నే బాగుచేసి ఇవ్వొచ్చుగా?"

"నీకెందుకు ఆ మ్యాట్ గోల!" అని అరిచాను. కంచం ముందు నుంచి లేచాను.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది," అంది. సరదాకే అంది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది.

అక్టోబరు 12

మ్యాట్ పట్టుకుని వెళ్ళాను. అక్క ఇంట్లో లేదు. బావ హాల్లో కూర్చుని తాళంచెవులు లెక్క చూసుకుంటున్నాడు.

"ఏంట్రా గాలిగా, మళ్ళీ ఏదో మోసుకొచ్చావ్?"

"చూడు బావా. సగం నీ సరుకు, సగం నా సరుకు."

చూస్తూ చూస్తూ మ్యాట్ లేచింది. స్పాంజి ఉందనగానే బొటనవేలితో నొక్కి చూశాడు. ఎంత లోపలికి పోతోంది, ఎంతసేపట్లో పైకొస్తోంది అని చూశాడు. చాలా రోజుల తర్వాత పని తెలిసిన మనిషి మొహం కనిపించింది. "మంచి స్పాంజే. ఎవడో తెలిసినవాడే చేశాడు," అన్నాడు. చివరి నాలుగు ఊదులు నేను ఊదబోతే, "ఉండు, నేను ఊదుతా," అని తనే ఊది మూత బిగించాడు. నా భుజం పట్టుకుని నెమ్మదిగా దిగి, పక్కకి తిరిగి పడుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నొప్పుందా?"

"లేదురా. నిజంగా లేదు."

ప్రాణం లేచొచ్చింది నాకు. ఇంకేం, అయిపోయింది, నేను అనుకున్నట్టే అయింది అనుకున్నాను. నవంబరు అని మొదలుపెట్టబోతున్నాను, బావ కళ్ళు తెరిచాడు. చెయ్యి చాపి మూత తడిమాడు. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తడిమాడు. మూడోసారి మోచేతి మీద లేచి, నొప్పికి పళ్ళు బిగించి, దాని దగ్గరికి వంగాడు.

"ఒరేయ్, సరిగ్గా బిగించానా? కొంచెం నువ్వు చూడరా. నన్ను నమ్మకు."

నన్ను నమ్మకు అన్నాడు. నాతో.

"ఆ మూత నువ్వు సరిగ్గానే బిగించావు బావా," అన్నాను.

"చూడకుండా ఎలా చెప్తావురా?"

"ఇది కాదు. పోయినేటిది."

నేను చెప్పేశాను. ప్యాచ్ సంగతి, తడి సంగతి, పాతది తనకిచ్చి కొత్తది నేను ఉంచుకున్న సంగతి, తొట్టిలో బుడగలు. ఎంతసేపు చెప్పానో తెలీదు. చెప్పాల్సింది రెండు ముక్కలే, అయినా తిప్పి తిప్పి చెప్పాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నువ్వు ఆస్పత్రిలో ఉండగానే."

"నేను మూత గురించి చెప్పాక తెలిసిందా?"

అవునంటే సరిపోయేది. పెద్ద తప్పు కొంచెం చిన్నదయ్యేది. బావ కూడా అవునంటే బాగుండు అన్నట్టు చూస్తున్నాడు.

"ముందే తెలుసు బావా. ఆ రోజు పొద్దున్నే తెలిసింది."

బావ మూత మీంచి చెయ్యి తీశాడు. "నేను నీకు థాంక్స్ చెప్పానురా."

"బావా..."

"పదకొండు నెలలుగా రోజూ పొద్దున లేవగానే మీ అక్క పేరు, నీ పేరు, మా నాన్న పేరు మనసులో చెప్పుకుంటున్నాను. గుర్తున్నాయా లేదా అని. గుర్తుంటే ఆ రోజుకి బతికానని."

లేవడానికి నేను చెయ్యి ఇచ్చాను. పట్టుకోలేదు. అంచు మీద చెయ్యి ఆనించి తనే లేచాడు. మూత తెరిచాడు, గాలంతా పోయేదాకా మోకాలితో నొక్కుతూ చుట్టాడు, పట్టీలు బిగించాడు. నా చేతికిచ్చాడు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు.

అక్టోబరు 13

షాపు తెరవలేదు.

అక్టోబరు 14

మా ఆవిడకి చెప్పాను. అన్నం పెట్టింది. ఎప్పట్లా పక్కన కూర్చోలేదు.

అక్టోబరు 17

చెప్పడం వల్ల గుండె తేలికవుతుందని అంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ ఏదీ చెప్పుండరు.

అక్టోబరు 22

అక్క ఫోన్.

"నీతో మాట్లాడాలని లేదు. ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను. నిన్న సోఫా సెట్టు మొత్తం ఒక్కరోజులో కుట్టాడు. ఒక్క కుట్టు విప్పలేదు. వర్క్‌షాపు ఎవరికీ ఇవ్వట్లేదు, బైకూ అమ్మట్లేదు."

"అక్కా, బావ..."

"నీ గురించి అడగలేదు. నేనూ ఎత్తలేదు. తమ్ముడివి కాబట్టి తిట్టడానికి కూడా నోరు రావట్లేదు, అదే నా ఖర్మ."

పెట్టేసింది. షాపులో ఎవరూ లేరు. టైర్ల దొంతర మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. బావ బాగున్నాడన్న సంతోషమే ఎక్కువ అందులో. అంతా సంతోషమే అని రాయబోయాను గానీ, ఇక ఈ పుస్తకంలో అబద్ధాలు వద్దు.

నవంబరు 2

ఉండబట్టలేక మ్యాట్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. గేటు దగ్గరే అక్క ఆపింది. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది.

"ఇది బావకి ఇచ్చెయ్యక్కా. నేనిచ్చానని చెప్పకు."

"మళ్ళీ చెప్పకుండా ఇంకోటా?" అంది.

నిజమే. మ్యాట్ చంకలో పెట్టుకుని వచ్చేశాను. అక్క వెనక నుంచి అంది, "తనకి కావాల్సిన స్పాంజి తనే కోసుకున్నాడు. శుక్రవారం వెళ్తున్నాడు."

ఎవరితో అని అడగలేదు.

నవంబరు 7

పొద్దున ఏడింటికి షట్టర్ ఎత్తుతుంటే వినిపించింది. ఆ ఇంజను చప్పుడు వందలో ఉన్నా పట్టేస్తాను, పద్నాలుగేళ్ళు నా వెనకే వచ్చింది. ఊరు దాటాలంటే నా షాపు ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. దూరం వెళ్ళే ముందు టైర్లలో గాలి చూడాలి. ఏటా ఇక్కడే ఆగేవాళ్ళం. గేజి పట్టుకుని రోడ్డు అంచుకి వెళ్ళి నిలబడ్డాను.

బావ ఒక్కడే. వీపు నిటారుగా ఉంది. వేగం తగ్గించలేదు, పెంచలేదు. హెల్మెట్ అద్దం దించి ఉంది, మొహం కనిపించలేదు. నన్ను దాటి వెళ్ళాడు. మలుపులో ఎడమకాలు కొంచెం చాపి, మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. బండి వంగింది, లేచింది, కనిపించకుండా పోయింది.

పది నిమిషాలకి అక్క ఫోన్ చేసింది.

"దాటాడా?"

"దాటాడక్కా. బాగా నడుపుతున్నాడు."

"వర్క్‌షాపుకి తాళం ఒక్కసారే వేశాడురా. నేను గేటు పట్టుకుని వీధి చివరిదాకా చూస్తూ నిలబడ్డాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు."

"ఇక్కడ కూడా చూడలేదక్కా," అన్నాను.